మినుము కోతకు ముందు గడ్డి మందు కొడితే ఆ గింజ విత్తనానికి పనికివస్తుందా?

కృష్ణా పశ్చిమ డెల్టాలో వరి కోసిన మాగాణుల్లో వేసే మినుము ఒకేసారి ఎండదు. అడుగు కాయలు నల్లబడినా పై కొమ్మల్లో పచ్చి కాయలు, ఆకు మిగిలే ఉంటాయి. కూలీలు దొరక్క మిషనుతో కోయించే రైతులు కొందరు చేను త్వరగా ఎండాలని గడ్డి మందు కొడుతున్నారు. అలా కోసిన గింజను మరుసటి ఏడాదికి విత్తనంగా ఉంచుకోవద్దు.

గింజకు ఏమవుతుంది?

గ్లైఫోసేట్ ఆకు మీద పడినా మొక్కంతా పాకి, ఇంకా గింజ కడుతున్న కాయల్లోకి చేరుతుంది. ఆ గింజ చూడడానికి బాగానే ఉంటుంది. కానీ మొలక శాతం తగ్గుతుంది. మొలిచినా వేరు పొట్టిగా, మొద్దుగా ఉండి పక్క వేర్లు సరిగా రావు. పారాక్వాట్ తగిలిన చోటే మాడుస్తుంది. గింజ నిండకముందే కొడితే పోషణ ఆగి గింజ ముడుచుకుపోతుంది.

కోతకు ముందు గ్లైఫోసేట్ కొట్టే అలవాటున్న కెనడాలో కూడా విత్తనపు గోధుమ చేలో వాడవద్దని లేబుల్ మీదే ఉంటుంది.

నష్టం ఎక్కడ?

మాగాణి మినుము నేలలో మిగిలిన తేమతోనే మొలవాలి. మొలక పలచబడిందని తెలిసేసరికి తేమ ఆరిపోతుంది. మళ్లీ చల్లే అవకాశం ఉండదు. ఆ ఏడాది పంట పోయినట్లే.

ఏం చేయాలి?

• విత్తనానికి 20 సెంట్లు విడిగా ఉంచండి. మందు కొట్టే చేలకు దూరంగా ఉండాలి. ఎకరాకు 5 క్వింటాళ్లు పండినా క్వింటా గింజ వస్తుంది. ఎకరాకు 16-18 కిలోల చొప్పున 5 ఎకరాలకు సరిపోతుంది.

• కాయలు 80 శాతం నల్లబడ్డాక, కాయ చిట్లకుండా ఉదయం పూట చేత్తో కోయించండి.

• గింజ పగలకుండా నూర్చి, తేమ 9 శాతానికి తగ్గేదాకా ఎండబెట్టండి. కొరికితే టక్కున విరగాలి.

• చల్లే ముందు 100 గింజలను తడి గోనెసంచిలో పేర్చి, చుట్టి, నీడలో ఉంచండి. తడి ఆరనివ్వకండి. 7వ రోజు వేరు, మొలక రెండూ బాగున్నవే లెక్కపెట్టండి. 75 కంటే తక్కువ వస్తే ఆ విత్తనం చల్లవద్దు.

• ఇరుగుపొరుగు రైతుల దగ్గర విత్తనం కొంటే, కోతకు ముందు ఏ మందు కొట్టారో అడగండి. మీరు మందు కొట్టి ఉంటే ఆ గింజను ఎవరికీ విత్తనంగా ఇవ్వకండి.

జాగ్రత్త

పారాక్వాట్ ఒంట్లోకి పోతే విరుగుడు లేదు. గ్లైఫోసేట్ వాడకాన్ని కేంద్రం 2022 అక్టోబరులో పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేసింది. డబ్బా లేబుల్ మీద మీ పంట పేరు, మీరు చేసే పని రెండూ లేకుంటే ఆ మందు కొట్టకండి. మందు పడిన చేను పొట్టును పశువులకు వేయవద్దు.