బూట్
కంప్యూటర్ ‘బూట్’ అయిందంటాం. ఆ బూటు కాలి బూటే. బూటు పైఅంచున పట్టుకు లాగే పట్టీ బూట్‌స్ట్రాప్; దాన్ని పట్టుకుని తనను తానే పైకెత్తుకోవడమనే అసాధ్యాన్ని చెప్పే ఇంగ్లిష్ నానుడి 1950లలో కంప్యూటర్లకు అంటుకుంది.

లినక్స్‌లో ఆ చిక్కు నిజంగానే ఉంది: డిస్కు చదవాలంటే డ్రైవర్ కావాలి, డ్రైవరేమో ఆ డిస్కులోనే ఉండవచ్చు. అందుకే బూట్‌లోడర్ కెర్నెల్‌తోపాటు కావలసిన డ్రైవర్లున్న ‘ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్’ అనే చిన్న ఇమేజ్‌నూ మెమరీలోకి తెస్తుంది. పి.గన్నవరంలో 1850లలో కట్టిన అక్విడక్టు కాలువ నీటిని గోదావరి పాయ వైనతేయ మీదుగా నగరం దీవికి దాటించినట్టు, ఇది కెర్నెల్‌ను అసలు డిస్కుకు చేరుస్తుంది.

డెబియన్ అనే లినక్స్ పంపిణీలో, ఈ ఇమేజ్‌లో ఏ మాడ్యూళ్లు (డ్రైవర్ల వంటివి) ఉండాలో చెప్పే ‘మోస్ట్’, ‘డెప్’ అనే అమరికలున్నాయి. ‘మోస్ట్’ చాలావరకు డ్రైవర్లను చేరుస్తుంది. ‘డెప్’ ఆ యంత్రానికి కావలసినవే ఉంచి ఇమేజ్‌ను చిన్నది చేస్తుంది. నా మొగ్గు ‘మోస్ట్’ వైపే: డిస్కును మరో యంత్రానికి మార్చినా బూటయ్యే అవకాశం ఎక్కువ. ఏది ఎంచుకున్నా ‘అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్’ నడిపితేనే మార్పు ఇమేజ్‌లోకి చేరుతుంది.