హకీంపేట, దుండిగల్ మీదుగా ఎగిరే విమానాలు: ఏవి, ఎక్కడివి, ఎందుకు?

మబ్బు లేని రోజు పొద్దున శామీర్‌పేట చెరువు దగ్గరో, మేడ్చల్ హైవే పక్కనో కాసేపు నిలబడితే చాలు, తల మీదుగా విమానాల చప్పుడు వినిపిస్తుంది. ఒకటి పోయిందనుకునేలోపు అదే దారిలో ఇంకొకటి వస్తుంది. అల్వాల్, తూంకుంట, బొల్లారం వైపు ఉండేవాళ్లకు ఇది ఎంత అలవాటంటే, తలెత్తి కూడా చూడరు. కొత్తగా ఆ వైపు ఇల్లు కట్టుకున్నవాళ్లకే అనుమానాలు. ఇవి యుద్ధ విమానాలా? ఊరి మీద ఇన్నిసార్లు ఎందుకు తిరుగుతాయి?

ఇవి దాదాపు అన్నీ శిక్షణ విమానాలు. భారత వైమానిక దళంలో పైలట్ కావాలనుకునే యువతీ యువకులు మొదటిసారి కంట్రోల్ చేతిలోకి తీసుకునేది మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా గగనతలంలోనే. ఇక్కడ రెండు స్థావరాలున్నాయి. ఒకటి గండిమైసమ్మ దాటాక వచ్చే దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీ. రెండోది కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద, అల్వాల్ దాటాక వచ్చే హకీంపేట ఎయిర్ ఫోర్స్ స్టేషన్. ఒకే విమానం చుట్టూ చుట్టూ తిరుగుతున్నట్టు కనిపించడానికి కారణం కూడా శిక్షణే. దిగడం, రన్‌వే తాకగానే మళ్లీ లేవడం, ఇదే పాఠం రోజూ పదే పదే నేర్పిస్తారు.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ముక్కు దగ్గర పంకా తిరుగుతుంటే అది పిలాటస్. పంకా లేకుండా, పొట్టిగా, లావుపాటి ముక్కుతో, జెట్ మోతతో పోతే కిరణ్. పైన రెక్కల పంకా తిరుగుతూ, ముందు గాజు బుడగలా ఉంటే చేతక్ హెలికాప్టర్.

జాకిర్ హుసేన్ వేసిన పునాది రాయి

దుండిగల్ అకాడమీకి 1967 అక్టోబర్ 11న శంకుస్థాపన చేసింది అప్పటి రాష్ట్రపతి డాక్టర్ జాకిర్ హుసేన్. ఆయన పుట్టింది హైదరాబాద్‌లోనే, 1897లో. దేశానికి మొదటి ముస్లిం రాష్ట్రపతి తను పుట్టిన ఊరి శివారులో వేసిన ఆ రాయి గురించి మన పిల్లల్లో ఎంతమందికి తెలుసో! అకాడమీ 1971లో పని మొదలుపెట్టింది. అప్పటినుంచి ఏటా జూన్‌లో, డిసెంబర్‌లో ఇక్కడ పాసింగ్ అవుట్ పరేడ్ జరుగుతుంది. రాష్ట్రపతి, రక్షణ మంత్రి, దళాధిపతుల్లాంటివాళ్లు గౌరవ వందనం తీసుకుంటారు. నౌకాదళం, కోస్ట్ గార్డ్ వాళ్లు కూడా ఇక్కడ రెక్కల బ్యాడ్జి అందుకుంటారు. వియత్నాం లాంటి మిత్రదేశాల కేడెట్లు సైతం ఇక్కడికి వచ్చి నేర్చుకున్నారు.

దీపక్ పోయింది, పిలాటస్ వచ్చింది

మొదటి మెట్టు విమానం విషయంలో ఈ ప్రాంతం చాలా బాధ చూసింది. చాలా ఏళ్లపాటు కొత్త కేడెట్లకు ఇచ్చింది హెచ్‌పీటీ-32 దీపక్. హిందుస్తాన్ ఏరోనాటిక్స్ (హాల్) తయారు చేసిన చిన్న పిస్టన్ ఇంజిన్ విమానం అది. గురువు, శిష్యుడు పక్కపక్కన కూర్చుంటారు. దానికి రెండు పెద్ద లోపాలు. ఇంధనం సరిగా అందక ఇంజిన్ గాల్లోనే ఆగిపోయేది. పైగా ఎజెక్షన్ సీటు, అంటే ప్రమాదంలో పైలట్‌ను సీటుతో సహా బయటికి విసిరేసి పారాచ్యూట్ మీద దింపే ఏర్పాటు, అందులో లేదు. ఇంజిన్ ఆగితే దగ్గర్లో ఏదైనా పొలం వెతుక్కుని దించాల్సిందే. అదీ కుదరకపోతే అంతే.

2009 జులై 31న మెదక్ జిల్లాలో ఒక దీపక్ కూలి ఇద్దరు పైలట్లూ చనిపోయారు. ఆ తర్వాత దళం మొత్తం దీపక్‌లను నేల మీద నిలిపేసింది. మళ్లీ అవి శిక్షణకు ఎగరలేదు. కానీ బదులుగా ఇవ్వడానికి చేతిలో ఇంకో విమానం లేదు! దాంతో నాలుగేళ్లపాటు కొత్తవాళ్లకు కూడా రెండో మెట్టు జెట్ విమానమైన కిరణ్ మీదే పాఠాలు మొదలుపెట్టారు. సైకిల్ రానివాడికి నేరుగా మోటారు సైకిల్ ఇచ్చినట్టే.

2012 మేలో స్విట్జర్లాండ్‌కు చెందిన పిలాటస్ కంపెనీతో 75 విమానాలకు ఒప్పందం కుదిరింది. పీసీ-7 మార్క్ 2 అనే ఈ విమానాన్ని 2013 మే 31న దుండిగల్‌లోనే అప్పటి రక్షణ శాఖ సహాయ మంత్రి జితేంద్ర సింగ్ దళంలోకి తీసుకున్నారు. ఇందులో టర్బోప్రాప్ ఇంజిన్, ఒకరి వెనక ఒకరు కూర్చునే సీట్లు, కాక్‌పిట్‌లో సూదుల మీటర్ల బదులు డిజిటల్ తెరలు ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, రెండు సీట్లూ ఎజెక్షన్ సీట్లే.

అలాగని ప్రమాదం పూర్తిగా పోలేదు. 2023 డిసెంబర్ 4 ఉదయం దుండిగల్ నుంచి లేచిన ఒక పిలాటస్ తూప్రాన్ దగ్గర కూలింది. శిక్షకుడు, కేడెట్ ఇద్దరూ ప్రాణాలు కోల్పోయారు. మేడ్చల్ నుంచి తూప్రాన్ ఎంత దూరమో ఈ వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు పిలాటస్‌కు తోడుగా సొంత విమానం రావాల్సి ఉంది. హాల్ తయారీ హెచ్‌టీటీ-40 మొదటిసారి 2016 మే 31న ఎగిరింది. 70 విమానాలకు 2023 మార్చిలో ఒప్పందం అయింది, విలువ 6,800 కోట్ల రూపాయల పైమాటే.

హకీంపేట: జెట్లు, హెలికాప్టర్లు

దుండిగల్‌లో మొదటి మెట్టు దాటాక కేడెట్ల దారులు మూడుగా చీలుతాయి. ఫైటర్ దారికి ఎంపికైనవాళ్లు, హెలికాప్టర్ దారివాళ్లు హకీంపేటకు వస్తారు. రవాణా విమానాలవాళ్లు బెంగళూరు దగ్గరి యలహంకకు వెళ్లి డోర్నియర్ల మీద నేర్చుకుంటారు.

హకీంపేటలో ఎక్కువ కాలం కనిపించిన జెట్ కిరణ్. 1964 సెప్టెంబర్ 4న మొదటిసారి ఎగిరింది, 1968 నుంచి దళానికి అందింది. తాత నడిపిన రకాన్నే మనవడు కూడా నడిపిన కుటుంబాలు ఉంటే ఆశ్చర్యం లేదు. దీని స్థానంలో తెద్దామని హాల్ తయారు చేసిన సితార అనే జెట్ 2003లో ఎగిరినా, ఏళ్లు గడిచినా దళంలోకి రాలేదు. మధ్యలో 1970ల నుంచి 2004 చివరి దాకా ఇక్కడ ఇంకో జెట్ ఉండేది. పోలండ్ నుంచి కొన్న ఇస్క్రా. పాత అల్వాల్‌వాసుల్లో దాని సన్నటి కూత గుర్తున్నవాళ్లు ఇంకా ఉంటారు.

కిరణ్ పాతదే అయినా దానిలో ఎజెక్షన్ సీట్లు ఉన్నాయి. ఆ తేడా ఏమిటో 2017 సెప్టెంబర్ 28న కీసర మండలం అంకిరెడ్డిపల్లి దగ్గర తెలిసింది. హకీంపేట నుంచి వెళ్లిన కిరణ్ కూలి కాలిపోయింది. లోపలున్న ట్రైనీ పైలట్ మాత్రం సమయానికి బయటికి దూకి పారాచ్యూట్‌తో క్షేమంగా దిగాడు.

దేశంలో మొదటి ముగ్గురు మహిళా ఫైటర్ పైలట్లు అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ కూడా హకీంపేటలో కిరణ్ మీదే నేర్చుకున్నారు. 2016 జూన్ 18న దుండిగల్ పరేడ్‌లో వాళ్లు కమిషన్ అందుకున్నారు.

చేతక్ ఫ్రాన్స్ డిజైన్. అక్కడ అలూయెట్ 3 అంటారు. లైసెన్స్ తీసుకుని హాల్ ఇక్కడ తయారు చేసింది. 1962లో దళంలోకి వచ్చిన ఈ హెలికాప్టర్‌కు అరవై ఏళ్లు నిండిన సందర్భంగా 2022 ఏప్రిల్ 2న హకీంపేటలోనే సభ జరిగింది. రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ వచ్చారు. పైలట్ కాకుండా ఆరుగురు పట్టే చిన్న హెలికాప్టర్ ఇది.

ఫైటర్ పైలట్ల ఆఖరి మెట్టు కర్ణాటకలోని బీదర్. అక్కడ 2008 నుంచి బ్రిటన్ డిజైన్ చేసిన హాక్ జెట్లున్నాయి. విన్యాసాలు చేసే సూర్యకిరణ్ బృందం 1996లో కిరణ్‌లతో మొదలై, 2011లో ఆగి, 2015లో హాక్‌లతో మళ్లీ లేచింది. పరేడ్ రోజుల్లో రంగురంగుల పొగ వదులుతూ దుండిగల్ మీదికి వచ్చేది వాళ్లే.

ఆగ్నేయాసియాలోనూ ఇవే

గల్ఫ్‌తో పాటు మలేషియాలోనూ మనవాళ్లు పని చేస్తున్నారు. వాళ్లకు అక్కడి ఆకాశంలో ఇవే రకాలు కనిపిస్తే పొరపాటు పడక్కర్లేదు. మలేషియా, బ్రూనై వైమానిక దళాలు కూడా పీసీ-7 మార్క్ 2 కొన్నాయి. మయన్మార్ పాత రకం పీసీ-7 వాడింది. హాక్ జెట్లను మలేషియా, ఇండోనేషియా రెండూ కొన్నాయి. అయితే ఆ రెండు దేశాలూ హాక్‌ను శిక్షణతో ఆపలేదు, ఆయుధాలు మోసే ఒంటి సీటు రకాన్ని కూడా తీసుకున్నాయి. మన దగ్గర అది పాఠాలు చెప్పే విమానం మాత్రమే.

ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రీస్ హసన్ లతీఫ్

ఈ ప్రాంతం, విమానాలు, ఆగ్నేయాసియా, మూడూ ఒక్క జీవితంలో కలిసినవాడు మర్హూమ్ ఇద్రీస్ హసన్ లతీఫ్ సాహెబ్. 1923లో హైదరాబాద్‌లో పుట్టి, నిజాం కాలేజీలో చదివారు. 1942లో, ఇంకా పందొమ్మిదేళ్లు నిండకముందే వాయుసేనలో కమిషన్ పొందారు. మొదట కరాచీ తీరంలో పాతకాలపు రెండు రెక్కల అంతస్తుల విమానాలు నడిపారు. తర్వాత బ్రిటన్‌లో హరికేన్, స్పిట్‌ఫైర్ల మీద శిక్షణ. తిరిగొచ్చాక బర్మా యుద్ధరంగం. విభజన వచ్చినప్పుడు భారత వాయుసేననే ఎంచుకున్నారు.

1978 నుంచి 1981 దాకా ఆయన వాయుసేనాధిపతి. ఆ పదవికి వచ్చిన మొదటి ముస్లిం. జాగ్వార్ జెట్లు దళంలోకి వచ్చింది ఆయన హయాంలోనే, 1979లో. ఆ తర్వాత మహారాష్ట్ర గవర్నర్‌గా, ఫ్రాన్స్‌లో రాయబారిగా పనిచేశారు. 2018 ఏప్రిల్ 30న హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. రెండు అంతస్తుల రెక్కల విమానంతో మొదలుపెట్టినవారు, పదవి దిగేముందు ధ్వనికన్నా దాదాపు మూడు రెట్లు వేగంగా పోగల మిగ్-25లో ఎగిరారు.

పక్షులు, ప్లాట్లు

కిరణ్‌కు, పిలాటస్‌కు, హాక్‌కు ఇంజిన్ ఒక్కటే. ఒక గద్ద ఇంజిన్‌లోకి పోయినా, ముందు అద్దానికి కొట్టుకున్నా ఇంకో అవకాశం ఉండదు. అందుకే విమాన నియమాలు, 1937లోని 91వ నియమం ప్రకారం విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపల బహిరంగంగా జంతువులను కోయడం, తోలు తీయడం, పక్షులను పిలిచే చెత్త వేయడం కుదరదు. ఇది మటన్ షాపులకు, చేపల దుకాణాలకు, హోటళ్లకు, ఫంక్షన్ హాళ్లకు అన్నిటికీ వర్తిస్తుంది. ఏడాది పొడవునా చెరువు గట్ల మీద పారేసే చికెన్ వ్యర్థాలే అసలు తలనొప్పి. బక్రీద్ మూడు రోజుల్లో ఖుర్బానీ వ్యర్థాలను సంచుల్లో కట్టి మున్సిపాలిటీ బండికే ఇవ్వాలి. ఖాళీ ప్లాటులో పడేస్తే గంటలోపే గద్దలు తిరుగుతాయి, వాటి పైనే ఇరవై ఏళ్ల కేడెట్ ఒంటరిగా విమానం నడుపుతూ ఉంటాడు.

ఈ వైపు ప్లాటు కొనేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. సైనిక విమానాశ్రయాల చుట్టూ భవనాల ఎత్తుకు పరిమితి ఉంది, అనుమతి ఇచ్చేది రక్షణ శాఖ అధికారులు. బిల్డర్ నోటి మాట నమ్మకుండా ఎన్‌ఓసీ కాగితం అడిగి చూడాలి. పెళ్లి వీడియోకు డ్రోన్ ఎగరేసేముందు డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ రంగులో ఉందో చూడటం కూడా అవసరం.

మన పిల్లలు ఎక్కాలంటే

తలెత్తి చూసే పిల్లలు అడిగే ప్రశ్న ఇదే. దారి ఇంటర్‌లోనే మొదలవుతుంది, ఎంపీసీ తీసుకోవాలి. మ్యాథ్స్, ఫిజిక్స్ లేకపోతే పైలట్ తలుపు అక్కడే మూసుకుంటుంది. పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర ఏళ్ల మధ్యలో ఎన్‌డీఏ పరీక్ష రాయొచ్చు. 2022 నుంచి ఆడపిల్లలకూ అందులో చోటుంది, వాళ్ల మొదటి బ్యాచ్ 2025 మే 30న బయటికొచ్చింది. డిగ్రీ తర్వాతైతే 20 నుంచి 24 ఏళ్ల లోపు ఏఎఫ్‌క్యాట్, లేదంటే సీడీఎస్. పెళ్లి అయి ఉండకూడదు. ఎంపికైతే శిక్షణకు ఫీజు లేదు, పైగా అకాడమీలో నెలకు 56,100 రూపాయల స్టైపెండ్ వస్తుంది.

చాలామంది తల్లిదండ్రులకు తెలియని నిబంధన ఒకటుంది. ఇంటర్వ్యూ దాటాక పైలట్ అభిరుచిని కొలిచే కంప్యూటర్ పరీక్ష ఉంటుంది. సీపీఎస్‌ఎస్ అంటారు. రాత పరీక్ష మళ్లీ మళ్లీ రాయొచ్చు గానీ, ఇది జీవితంలో ఒక్కసారే. ఎలా ఉంటుందో చూద్దామని తయారీ లేకుండా వెళ్లి ఫెయిలైతే, పైలట్‌గా మళ్లీ అవకాశం రాదు.