నొస్సము పేక – అక్షరముల లెక్క

ఇంద్రజాల విద్యలు పెక్కు కలవు గాని, వానిలో రేడియో ద్వారా ప్రదర్శింపదగినవి మిక్కిలి అరుదు. కండ్ల యెదుట జరుగవలసిన కనికట్టును చెవికి చేర్చుట ఎట్లు? అయినను ఒక్క తరగతి విద్య మాత్రము ఇందుకు లోబడును. శ్రోత తన యింట తన పేకముక్కలను చేతబట్టుకొని కూర్చుండును. ప్రసంగించువాడు ఆ ముక్కలను చూడనే చూడడు. ముక్క పేరును శ్రోత ఒక్కొక్క అక్షరముగా పలుకుచు, అక్షరమునకు ఒక ముక్క చొప్పున క్రింద పెట్టును. కడపటి అక్షరము పలికినపుడు చేతికి వచ్చినదే అతడు మనసున నుంచుకొన్న ముక్క. ఇందు చేతివాటము లేదు, అద్దములు లేవు, చాటున సహాయకుడు లేడు. పేరే దారి చూపును. ఆ దారి మన భాషలో ఎట్లు నడచునో, కర్నూలు, కడప మండలములలో దానికి ఎట్టి పూర్వరంగము కలదో ఈ ప్రసంగమున విచారింతము.

పేక యనగానే మన యిండ్లలో పెద్దలు కనుబొమలు ముడివేయుదురు. అది అకారణము కాదు. వాన లేని యేట పని లేని చేతికి పేక దొరకుటయు, పేక దొరికిన చేతినుండి పొలము జారుటయు మన సీమలో తెలియని సంగతులు కావు. 1974లో జూదమును అరికట్టుటకు రాష్ట్రము శాసనము చేయవలసి వచ్చినది. కాని పేకముక్కకు జూదము గాక వేరొక చరిత్ర కూడ ఉన్నది. ఆ చరిత్రలో ఒక అధ్యాయము మన యింటి ముంగిటనే నడచినది. దానిని మరచుట న్యాయము కాదని మా అభిప్రాయము.

అక్షరములతో ముక్కను పట్టు విద్య ఐరోపాలో పాతది. లాటిను భాషలో ‘ముతుస్ దేదిత్ నోమెన్ కోకిస్’ అను నాలుగు మాటల వాక్యమొకటి గారడీవారి నోట చిరకాలముగా నిలిచియున్నది. మూగవాడు వంటవాండ్రకు పేరు పెట్టెనని దాని యర్థము. అర్థము శుద్ధ శూన్యము, ప్రయోజనము మాత్రము అమోఘము. లాటిను లిపిలో ఆ వాక్యమునకు ఇరువది వర్ణములు. చూడగా అవి పది వర్ణములే, ఒక్కొక్కటి సరిగా రెండేసి సారులు వచ్చినది. పది జతల ముక్కలను ఆ వర్ణముల స్థానములలో పరచినచో, ‘నా జత ఏ వరుసలలో ఉన్నది’ యని చూపరి చెప్పిన తోడనే జత బయటపడును. ఇరువదవ శతాబ్దమున అమెరికాలో ఈ విద్య మరియొక రూపము దాల్చినది. అక్కడ ముక్క పేరునే ఆంగ్ల వర్ణక్రమమున పలుకుదురు. ఆసు మొదలు రాజు వరకు పదమూడు ఆంగ్ల నామముల వర్ణములను కూడినచో సరిగా 52 వచ్చును. పేకలోని ముక్కలును 52. ఎవరును కల్పింపని యీ కాకతాళీయము గారడీవారికి పెన్నిధి యైనది.

అదే పదమూడు పేర్లను తెలుగున లెక్కించి చూచితిమి. ఆసు, రెండు, మూడు, ఐదు, ఆరు, ఏడు, పది, జాకీ, రాణి, రాజు – ఇవి పదియు రెండేసి అక్షరములవి. నాలుగు, తొమ్మిది యనునవి మూడేసి. ఎనిమిది యొక్కటే నాలుగు. మొత్తము 30. ఆంగ్లేయుల పెన్నిధి మనకు లేదు. లేకపోవుటకు కారణము స్పష్టము. వారు ఒక్కొక్క లిపిగుర్తును లెక్కింతురు. మనము ఉచ్చారణను లెక్కింతుము. ‘స్పే’ అను దానిలో వారికి మూడు నాలుగు గుర్తులు కనబడును, మనకు అక్షరము ఒక్కటే.

అక్షరమును సంఖ్యతో ముడివేయు విద్య మనకు క్రొత్తది కాదు. సంగీత ప్రసారములను వినువారు మేళకర్తల పేర్లను ఎరుగుదురు. మేచకల్యాణిలో మొదటి రెండక్షరములు మకార చకారములు. కటపయాది సంకేతమున మకారము 5, చకారము 6. వెనుకనుండి చదివినచో 65. అది యా మేళపు సంఖ్య. ధీరశంకరాభరణము 29 అగుటయు ఇట్లే. పేరు వినగానే సంఖ్య తోచవలెనని పూర్వులు చేసిన యేర్పాటిది.

ఇంతకన్న దగ్గరి బంధువు అవధానమున గలదు. వ్యస్తాక్షరి యను అంశమున పృచ్ఛకుడొక వాక్యమును మనసున నుంచుకొని, దాని యక్షరములను వరుస తప్పించి, నడుమ నడుమ అందించును. ‘పదునొకండవ అక్షరము ని’ అని యొకమారు, మరి కొంత తడవునకు ‘మూడవది రా’ అని యొకమారు. ఈలోపల సమస్యలు, దత్తపదులు, నిషిద్ధాక్షరి నడచుచునే యుండును. వెనుక నెవరో పూవులు విసరుచుందురు, గంట కొట్టుచుందురు, వానిని కూడ లెక్కింపవలెను. తుదకు అవధాని ఆ చెదరిన యక్షరములను స్థానములలో కూర్చి వాక్యమును అప్పగించును. గారడీవాడు పేరునుండి స్థానమునకు పోవును. అవధాని స్థానములనుండి పేరునకు వచ్చును. దారి యొక్కటే, నడక మాత్రము ఎదురెదురు. అయితే భేదమును మరువరాదు. గారడీవాని పనిని లెక్కయే చేసిపెట్టును, అవధానికి ధారణ తప్ప దిక్కు లేదు.

కడప మండలమున ఈ విద్యకు ప్రొద్దుటూరు పెట్టని కోట. ‘రాణా ప్రతాపసింహ చరిత్ర’ కర్త దుర్భాక రాజశేఖర శతావధానియు, ‘శివభారతము’ కర్త గడియారము వేంకటశేషశాస్త్రియు అచ్చటివారే. వారిరువురును జంటగా అవధానములు చేసిరి. తరువాతి తరమున సి.వి. సుబ్బన్న శతావధాని ఆ యూరి పేరును నిలిపెను. అంగడి వీథులలో నూనె గింజలు, ప్రత్తి బేరమాడిన చేతులే సాయంకాలము అవధాన సభలో వ్రేళ్లు మడచి అక్షరములు లెక్కించిన యూరది.

ఇక ముక్కల సంగతి. నేడు మన చేతనున్న నలుచదరపు పేక రాకముందు ఈ దేశమున గంజీఫా యను ఆట ఉండెను. దాని ముక్కలు సాధారణముగా గుండ్రనివి. బాబరు 1527లో సింధు దేశమున నున్న షా హసనునకు గంజీఫా ముక్కలను పంపినట్లు తన స్వీయ చరిత్రలో వ్రాసికొనెను. అక్బరు ఆస్థానమున ఆడిన గంజీఫాను అబుల్ ఫజల్ ‘ఐనీ అక్బరీ’లో వర్ణించెను. మొగలు గంజీఫాలో ఎనిమిది రంగులు, 96 ముక్కలు. మనవారు దానిని తమ దారికి త్రిప్పికొని దశావతార గంజీఫాను ఏర్పరచిరి. అవతారమునకొక రంగు, రంగునకు పండ్రెండు ముక్కలు – రాజు, మంత్రి, ఒకటి మొదలు పది. మొత్తము 120. పగలు ఆడునపుడు శ్రీరాముని ముక్క గలవాడును, రాత్రి ఆడునపుడు శ్రీకృష్ణుని ముక్క గలవాడును ఆట మొదలిడవలెను. అందు తురుపు లేదు. పడిపోయిన ముక్కలేవో, మిగిలినవేవో జ్ఞాపకముంచుకొన్నవాడే గెలుచును. ఈ ఆటకు అవధానమునకు చుట్టరికము కలదనుట అతిశయోక్తి కాదు.

ఇట్టి ముక్కలు చేసిన చోట్లలో కర్నూలు మండలపు నొస్సము ఒకటి. నొస్సము నేడు నంద్యాల జిల్లాలో నున్నది. చరిత్ర చదివినవారికి ఆ పేరు పాలెగాండ్ర కథలలో తెలియును. ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి మాతామహుడైన జయరామరెడ్డి ఏలిన చోటది. 1846లో కుంపిణీపై లేచిన తిరుగుబాటున నొస్సము కోట పేరు మారుమ్రోగెను. కోటను తలచువారు కలరు గాని, అదే యూరి చిత్రకారుల కుంచెలను తలచువారు అరుదు. గంజీఫా ముక్కను చేయుట ఒక్కనాటి పని కాదు. గుడ్డను పొరలు పొరలుగా చింతగింజల జిగురుతో అతికి, సుద్ద పూసి, ఆరవేసి, గుండ్రముగా కోసి, బొమ్మ వ్రాసి, మీద లక్క మెరుగు పెట్టుదురు. ఇట్లు నూటయిరువది ముక్కలైనగాని ఒక పేక కాదు. కర్నూలున 1839 వరకు నవాబుల యేలుబడి సాగెను, కడపను అంతకు పూర్వము నవాబులు ఏలిరి. దర్బారుల ఆట ఇట్లు మన పల్లె చిత్రకారుని చేత దేవతారూపములు ధరించినది.

పందొమ్మిదవ శతాబ్దమున అచ్చు పేక వచ్చినది. బెల్జియములోని టర్న్‌హౌట్ పట్టణము మొదలగు చోట్ల యంత్రములు వేలకొలది కట్టలను అచ్చువేసి ఓడల కెక్కించినవి. వెల తక్కువ, ముక్కలు తక్కువ, కలుపుట సులభము. నూటయిరువది గుండ్రని ముక్కలను కలుపవలెనన్న గుడ్డపై పరచి చేతులతో చెదరగొట్టవలసినదే గదా! కుంచె యంత్రముతో పోటీపడలేకపోయెను. నొస్సము ముక్కలు నేడు ఆటలో లేవు, చూడగోరువారు సేకరణలలో వెదకవలెను. ఒక యూరి చేతిపని పోయినదని ఎవరును సభ చేసి విలపింపలేదు.

క్రొత్త పేకతో క్రొత్త పేర్లు వచ్చినవి. అవి వచ్చిన త్రోవ మాత్రము చిత్రమైనది. కళావరు అను మాట డచ్చివారి ‘క్లావెర్’, ఆటీను వారి ‘హార్తెన్’. డచ్చివారు 17వ శతాబ్దారంభముననే మచిలీపట్టణమున వర్తకశాల పెట్టిరి. 1825లో తమ స్థావరములను ఆంగ్లేయుల కప్పగించి పోయిరి. వారి పన్నులు పోయినవి, పత్రములు పోయినవి. పేకాటలో రెండు మాటలు మాత్రము మిగిలినవి. డైమను ఆంగ్లేయులది. ఇస్పేటు ఆంగ్లమునుండి వచ్చెనో, పోర్చుగీసు ‘ఎస్పాదస్’ నుండి వచ్చెనో పండితులు తేల్చుకొందురుగాక. మన నాలుక ఆ నాలుగింటిని అజంతములు చేసి తనలో కలుపుకొన్నది. ఇస్పేటు, ఆటీను, డైమను మూడేసి అక్షరములు, కళావరు నాలుగు. ఈ లెక్క ముందు పనికివచ్చును.

1990ల దశకమున జిమ్ స్టైన్‌మేయర్ అను అమెరికా ఐంద్రజాలికుడు తొమ్మిది ముక్కల విద్య నొకదానిని ప్రచారమునకు తెచ్చెను. అందు మొదట ముక్క విలువను, తరువాత రంగును ఆంగ్లమున పలుకవలెను. విలువకు కనీసము మూడు వర్ణములుండుట దాని కీలకము. ఆంగ్లమున అట్లే యున్నవి. దీనిని తెలుగునకు మాటకు మాటగా దింపినచో పదమూడింట పది పేర్లు రెండక్షరములే యగుటచే విద్య విఫలమగును. అందుచేత మన బాలురు ఈ విద్యను ఆంగ్లములోనే నేర్చి, ఇంట అమ్మమ్మ యెదుట చూపవలసి వచ్చినపుడు ఆమెకు తెలియని వర్ణములను లెక్కింతురు. ఆమెకు అది గారడీ కాదు, గొణుగుడు. నిజమునకు ఇబ్బంది యేమియు లేదు. మనము ‘ఇస్పేటు ఆసు’ అందుము, రంగు ముందు, విలువ వెనుక. రంగులన్నిటికిని మూడక్షరములకు తక్కువ లేదు. మన వాక్యక్రమమే మనకు దారి యిచ్చుచున్నది.

శ్రోతలు తొమ్మిది ముక్కలను బోర్లించి మూడేసి చొప్పున మూడు కుప్పలు చేయవలెను. ఒక కుప్ప అడుగు ముక్కను చూచి జ్ఞాపకముంచుకొని, ఆ కుప్పను తక్కిన రెంటిపై నుంచి అన్నిటిని చేతబట్టవలెను. మొదట రంగు పేరును పలుకుచు అక్షరమున కొక ముక్కను ఒకదానిపై నొకటిగా క్రింద పెట్టి, చేత మిగిలినవానిని వానిపై నుంచవలెను. మరల కట్టను చేతబట్టి ‘రాయలసీమ’ యని ఐదక్షరములకు అట్లే చేయవలెను. మూడవసారి విలువను పలికి అట్లే చేయవలెను. నాలుగవసారి ‘ఆకాశవాణి కడప’ యని పలుకుచు ముక్కలు దింపవలెను. కర్నూలు శ్రోతలు ‘ఆకాశవాణి కర్నూలు’ అన్నను సరియే, రెండును ఎనిమిదేసి అక్షరములే. ‘ర్నూ’ ఒకటే యక్షరమని మరువరాదు. కడపటి యక్షరమునకు దిగిన ముక్కను త్రిప్పి చూచినచో అదియే తలచినది.

కారణము సులభము. తలచిన ముక్క మొదట పైనుండి మూడవది. రంగుకు మూడక్షరములైనను నాలుగైనను అది ఏడవ స్థానమునకు పోవును. రాయలసీమ దానిని రెండవ స్థానమునకు తెచ్చును. విలువకు రెండక్షరములకు తక్కువ లేవు గనుక అది అడుగునుండి రెండవది, అనగా ఎనిమిదవది యగును. ఐదనినను అయిదనినను బాధ లేదు. చూపరి అబద్ధము చెప్పి, ఆటీను రాణిని చూచి కళావరు పది యన్నను, దొరకునది ఆటీను రాణియే.

నొస్సము ముక్కలతో ఇది సాగునా యని కూడ మేము లెక్క కట్టితిమి. రాజు, మంత్రి, ఒకటి మొదలు పది – అన్నియు రెండక్షరములకు తక్కువ గావు. అవతారములలో మత్స్యము, కూర్మము, కృష్ణుడు మూడేసి, వరాహము, వామనుడు, శ్రీరాముడు నాలుగేసి, నరసింహము ఐదు, పరశురాముడు ఆరు. అన్నియు సరిపోవును. రెండక్షరముల కల్కి యొక్కడే లెక్కకు లోబడడు. అతనిని కల్కిమూర్తి యని గౌరవముగా పిలిచినచో అతడును ఎనిమిదవ చోట దొరకును.