అహేరి, సిరొంచల పేర్లు: అకారాది సూచికనుండి శోధనయంత్రము వరకు

ప్రాణహిత గోదావరిలో కలియు తావునకు చేరువ సిరొంచ, దానికి ఉత్తరముగా ప్రాణహితకు తూర్పున అహేరి, ఈ రెండును నేడు మహారాష్ట్రమున గడ్చిరోలి జిల్లాలోని తాలూకాలు. గోదావరికి ఆవలి ఒడ్డున కాళేశ్వరము. తెలుగు మాటాడు కుటుంబములు ఈ సీమలో తరతరములుగా నున్నవి. ఇచ్చటి చరిత్రను వెదకబూనినవారికి మొట్టమొదట తగులు చిక్కు పేరును గూర్చినది. ఏ గ్రంథములో ఏ అక్షరము క్రింద ఊరు దాగియున్నదో తెలిసికొనుటయే సగము పరిశోధన.

1860 లో గోదావరి ఎడమగట్టు తాలూకాలు నిజామునుండి ఇంగ్లీషువారికి సంక్రమింపగా, సిరొంచ ముఖ్యస్థానముగా ‘అప్పర్ గోదావరి’ జిల్లా ఏర్పడెను. భద్రాచలము, రేకపల్లి అందులోనివే. 1874 లో ఆ జిల్లా రద్దయి, భద్రాచలము, రేకపల్లి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకును, సిరొంచ మధ్యపరగణాల చాందా జిల్లాకును చేరినవి. పదునాలుగేండ్లు ఒకే కచేరి క్రింద నుండిన తెలుగు తావులు అప్పటినుండి రెండు పరగణాల గ్రంథములలో పడినవి. పిమ్మట సిరొంచ మధ్యప్రదేశమునకు, 1956 లో బొంబాయి రాష్ట్రమునకు, 1960 లో మహారాష్ట్రమునకు, 1982 లో క్రొత్తగా ఏర్పడిన గడ్చిరోలి జిల్లాకు చెందినది. ఊరు కదలలేదు, దానిని చూపు పుటలు మాత్రము మారుచు వచ్చినవి.

చార్లెస్ గ్రాంటు సంపాదకత్వమున 1870 లో వెలువడిన మధ్యపరగణాల గెజెటీరు ఊళ్లను, నదులను, జమీందారీలను ఇంగ్లీషు అక్షరక్రమమున పేర్చినది. 1907-1909 నడుమ వెలువడిన ఇంపీరియల్ గెజెటీరు కూడ అట్టిదే. దాని ఇరువదియైదవ సంపుటము కేవలము సూచికయే. అందు అహేరి ‘అహిరి’ అయినది. అయినను అచ్చుపుట కావున వెదకువాని కన్ను రెండు వరుసలు జారినచో పేరు దొరకును. ఆ జారుట మనుష్యునికి సహజము, యంత్రమునకు నేర్పవలసిన విద్య.

మన పూర్వులకు అకారాదిపై ఇంత మక్కువ లేదు. అమరకోశము వర్గములుగా నున్నది. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహమును అట్లే. కంఠస్థము చేసినవానికి సూచిక యెందులకు? అచ్చుపుస్తకము వచ్చిన తరువాతనే అక్షరక్రమము అవసరమైనది. 1852 నాటి బ్రౌను నిఘంటువు, 1885 నాటి శబ్దరత్నాకరము ఆ మార్గమున నడచినవి. నాగపురమున చదివి మరాఠీలో సైతము వ్రాసిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఆంధ్రవిజ్ఞానసర్వస్వమును అకారాదిగనే తలపెట్టిరి. మరాఠీ తెలుగుల నడుమనున్న ఈ సీమకు అంతకంటె తగిన సంపాదకుడు దొరకుట అరుదు. కాని అకారమును దాటకమునుపే 1923 లో ఆయన గతించిరి.

ఇక శోధనయంత్రము సంగతి. 1994 లో వెబ్‌క్రాలర్, 1995 లో ఆల్టావిస్టా, 1998 లో గూగుల్ వచ్చినవి. పని మూడంచెలు. సంచారయంత్రము ఒక పుటనుండి మరియొక పుటకు గల లంకెలను పట్టుకొని పోవును. చదివిన పుటను పదములుగ విడదీసి, ఏ పదము ఏయే పుటలలో నున్నదో విలోమసూచికలో చేర్చును. ఇది గ్రంథాంతమునందలి పదసూచికకు పెద్దన్న వంటిది. పిమ్మట, ఎన్ని పుటలు, ఎంతటి పుటలు ఒకదానిని చూపుచున్నవి అనునది మొదలైన లెక్కలతో వరుస నిర్ణయించును. లంకె లేని పుట చాలవరకు దాని కంటబడదు. నాలుగు పెద్ద పుటలైనను తనను చూపని చిన్న తాలూకా చరిత్రకు ఇచ్చటనే మొదటి నష్టము.

రెండవ నష్టము లిపి. 1991 లోనే యూనికోడ్ తెలుగునకు చోటిచ్చినను, మన పత్రికలు చాలకాలము సొంత ఖతులతోనే వ్రాసినవి. చూపరికి ‘అహేరి’ అని కనబడిన చోట యంత్రమునకు రోమను గుర్తుల గందరగోళమే కనబడెడిది. యూనికోడ్ వాడుక వచ్చిన తరువాత ఒక వింత గోచరించును. అందు నాగరి ‘అ’ సంఖ్య 2309, తెలుగు ‘అ’ సంఖ్య 3077, భేదము 768. ‘హ’కు, ‘ర’కు, ఏత్వమునకు గూడ అదే భేదము. అట్లయిన 768 కూడి మరాఠీ పేరును తెలుగు చేయవచ్చునని తోచును. కాని మరాఠీవారు పదాంతమున దీర్ఘమిచ్చి ‘అహేరీ’ అందురు. సిరొంచ వారి లిపిలో ‘సిరోంచా’. హ్రస్వ ఒకారము వారికి వాడుకలో లేదు, చివర దీర్ఘము అధికము. కూడిక సరియైనను పేరు సరిపడదు.

ఇంతటితో ముగియలేదు. సిరొంచలో, సిరొంచకు, సిరొంచనుండి అని విభక్తి అంటుకొనును; సంధి కలిపి వ్రాయు పాతపద్ధతి యంత్రమునకు మరింత కష్టము. నేటి యంత్రములు రూపభేదములను కొంత గుర్తించుచున్నవి గాని, పెద్దనగరముల పేర్లను గుర్తించినంతగా చిన్న ఊళ్ల పేర్లను గుర్తింపవు. 1858 అక్టోబరు 21 న చాందాలో ఉరితీయబడిన గోండువీరుని పేరునకే బాబూరావు, బాపూరావు, సెడ్మాకే, షెడ్మాకే, శేడ్మాకే అను రూపములున్నవి. ఒక రూపముతో వెదకినవానికి ఆ చరిత్రలో కొంతయే చిక్కును.

ఇది పండితుల చిక్కు మాత్రమే కాదు. సిరొంచ రైతు పొలము కాగితమగు ‘సాత్-బారా’ మరాఠీలో నుండును. ఇంట తెలుగున పలుకు ఊరిపేరును కచేరి పుటలో మరాఠీ వ్రాతచొప్పున వెదకవలెను. 2019 లో మేడిగడ్డ ఆనకట్ట ప్రారంభమైన పిమ్మట తమ పొలములు మునుగుచున్నవని ఆ తాలూకా గ్రామస్థులు పరిహారము కోరిరి. దానిని గూర్చిన తెలుగు వార్తలు తెలుగు అక్షరముల క్రిందను, మరాఠీ వార్తలు నాగరి అక్షరముల క్రిందను సూచికకెక్కినవి. రెంటిని చూడవలెనన్న ‘సిరొంచ’ అని ఒకమారు, ‘సిరోంచా’ అని మరియొకమారు వెదకవలసియున్నది.