మూసీ ఆనకట్టలు: మేలు ఎవరికి, భారం ఎవరిపై?

హైదరాబాదు చరిత్ర రాసేవారు సాధారణంగా చార్మినారుతో మొదలుపెడతారు. కాని నేడు మనం చూస్తున్న నగరం ఈ రూపు దాల్చడంలో మూసీ వరదకు, ఆ తరువాత కట్టిన రెండు ఆనకట్టలకు ఉన్న పాత్ర చిన్నది కాదు. ఆ ఆనకట్టల వల్ల కలిగిన మేలేమిటి, అందుకు చెల్లించిన మూల్యమేమిటి, దాన్ని ఎవరు చెల్లించారు అన్న విషయాలను ఇక్కడ సంగ్రహంగా పరిశీలిద్దాం.

వికారాబాదు సమీపంలోని అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ, లంగర్‌హౌజ్ దగ్గర ఈసీని కలుపుకొని, పాతబస్తీ ఉత్తరపు అంచు వెంట ప్రవహించి, వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. 1908 సెప్టెంబరు 28న, అంటే హిజ్రీ 1326 రంజాన్ మాసపు తొలి దినాల్లో, ఈ నది నగరాన్ని ముంచెత్తింది. సుమారు 15 వేల మంది మరణించారని అంచనా. 19 వేల ఇళ్ళు కూలాయి. 80 వేల మంది నిరాశ్రయులయ్యారు. ఒక చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ చెట్టును ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నేటికీ చూపిస్తారు.

ఈ విపత్తుకు వర్షం ఒక్కటే కారణం కాదు. నగరానికి ఎగువన నదీ పరీవాహక ప్రాంతంలో అప్పట్లో 788 చెరువులుండేవి. పై చెరువు గట్టు తెగితే ఆ నీరంతా కింది చెరువు మీద పడేది. అలా 221 చెరువులు తెగాయి. పొలాలకు ప్రాణం పోసిన కట్టలే తెగి మనుషుల ప్రాణాలు తీశాయి. నీటిని ఆపే ఏ కట్టకైనా ఈ రెండు గుణాలూ ఉంటాయని పాఠకులు గమనించాలి.

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నగరానికి ఎగువన రెండు జలాశయాలు నిర్మించి వరదను అక్కడే నిలపాలని, నది భరించగలిగినంత నీటినే కిందికి వదలాలని ఆయన 1909లో నివేదించారు. మురుగునీటికి ప్రత్యేక కాలువలుండాలని కూడా సూచించారు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో, మూసీపై గండిపేట వద్ద ఉస్మాన్ సాగర్ 1920లోనూ, ఈసీపై హిమాయత్ సాగర్ 1927లోనూ పూర్తయ్యాయి. మొదటిదానిలో సుమారు 390 కోట్ల ఘనపుటడుగుల నీరు నిలుస్తుంది, రెండవదానిలో 297 కోట్లు.

వీటి మేలు కాదనలేనిది. 1908 నాటి వంటి ప్రళయం మూసీలో మళ్ళీ రాలేదు. నది ఒడ్డున హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి వంటి భవనాలు ధైర్యంగా నిలిచాయి. నగరానికి కుళాయి నీరు అందింది. గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాదు విడిచిపోడన్న నానుడి అలా పుట్టిందే.

అయితే ఒక చిక్కు ఉంది. దాహం తీర్చాలంటే జలాశయం నిండుగా ఉండాలి. వరదను ఆపాలంటే ఖాళీగా ఉండాలి. ఒకే చెరువు ఈ రెండు పనులనూ పూర్తిగా చేయలేదు. నిండిన జలాశయం మీద భారీ వర్షం పడితే గేట్లు ఎత్తక తప్పదు. 2025 సెప్టెంబరు చివరివారంలో జరిగింది అదే. 1994లో నది నడుమ వెలసిన మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీళ్ళు చేరి, ప్రయాణికులను బయటికి తరలించవలసి వచ్చింది.

వరద భయం తగ్గడంతో జనం నదిని మరిచారు. పైనుంచి నీరు రాని మూసీలో మురుగు పారింది. ఎండిన నదీగర్భంలో పేదలు ఇళ్ళు కట్టుకున్నారు. చాదర్‌ఘాట్, మూసానగర్, శంకర్‌నగర్‌లలో 2024లో అధికారులు ఆ ఇళ్ళకు గుర్తులు వేశారు, కొన్ని కుటుంబాలను వేరేచోటికి తరలించారు. నదిలో ఇల్లు ప్రమాదమన్న మాట నిజమే. కాని అదే నదిలో బస్‌స్టేషన్ కట్టినది ప్రభుత్వమే. కట్ట తెచ్చిన ధీమాను అందరూ అనుభవించారు. ఖాళీ చేయవలసి వచ్చింది మాత్రం పేదలకే.

ఈ సందర్భంలో మన ధర్మశాస్త్ర గ్రంథాల్లోని ‘షిర్బ్’ అనే పదం గుర్తుంచుకోదగినది. నీటిలో ఒకరికి రావలసిన వంతు అని దాని అర్థం. ఇమామ్ మాలిక్ ‘మువత్తా’లో మదీనా వాగుల గురించి ఒక తీర్పు ఉంది. ఎగువ రైతు చీలమండల మట్టం వరకే నీరు నిలుపుకొని, మిగిలినదాన్ని దిగువకు వదలాలన్నది దాని సారాంశం. ఎగువవాడికి హక్కు ఉంది, దానికి హద్దూ ఉంది. మన చెరువుల కింద వంతులవారీగా నీరు పారించే ఆచారంలోనూ ఉన్నది ఈ న్యాయమే.

ఈ కొలతతో చూస్తే నేడు హైదరాబాదు నగరమే ఎగువవాడి స్థానంలో ఉంది. మంజీర నీరు 1965లో, కృష్ణ నీరు 2004లో, గోదావరి నీరు 2015లో నగరానికి వచ్చాయి. తాగినవి దూరపు నదుల నీళ్ళు, దిగువన నల్లగొండ రైతుకు పంపుతున్నది మురుగు. మరోవైపు, జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసిన 1996 నాటి 111వ నంబరు ఉత్తర్వులోని ఆంక్షలను 2022లో 69వ నంబరు ఉత్తర్వు తొలగించింది. చెరువులోకి వచ్చే దారులు మూసుకుపోతే, కట్ట ఎంత గట్టిదైనా ప్రయోజనముండదు.

ఆనకట్ట మంచిదా, చెడ్డదా అని అడిగితే చరిత్ర ఒక్క మాటలో జవాబు చెప్పదు. 1908 తరువాత ఆ రెండు జలాశయాలను కట్టకుండా ఉండవలసిందని ఎవరూ అనలేరు. కాని విశ్వేశ్వరయ్య సలహాలో కట్ట ఒక భాగం మాత్రమే. నదికి చోటు వదలడం, మురుగును వేరు చేయడం కూడా అందులో ఉన్నాయి. నగరం మొదటిదాన్ని అనుభవించి, మిగిలినవాటిని వాయిదా వేసింది. ఆ బాకీ ఇప్పుడు నది ఒడ్డున ఉన్నవారి నుంచి, దిగువ పొలాల నుంచి వసూలవుతోంది. మూసీ బాగు కోసం ఏ పథకం వచ్చినా, ముందుగా వారి వంతు ఏమిటో తేల్చడం న్యాయం.