పేరుకంటిన మచ్చ

పక్క వాటాలో కొత్తగా దిగినవాడు ఎలాంటివాడో! ఆడపిల్లను కన్న ఏ తల్లికైనా ఈ బెంగ తప్పదు. అమెరికాలో 1996 నాటి మేగన్ చట్టం పుణ్యమా అని లైంగిక నేరస్థుల వివరాలు ఇరుగుపొరుగుకు తెలుస్తాయి. మన దేశంలోనూ 2018లో అలాంటి జాబితా తయారుచేశారు గాని, అది చూసే వీలు పోలీసులకే. “మాకెందుకు చూపరూ?” అని మా ఓడలరేవు తల్లులు అడిగితే తప్పేముంది?

తప్పు లేదు. కాని అడిగేముందు ఒక పాత రిజిస్టరు తిరగేద్దాం.

1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం చేశారు. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకలవారి పేర్లు, వేలిముద్రలు పుస్తకాలకెక్కాయి. దొంగతనం చేయనక్కరలేదు, ఆ కులంలో పుడితే చాలు! 1913లో బాపట్ల దగ్గర వాళ్లకోసం స్టూవర్టుపురం వెలిసింది. సాల్వేషన్ ఆర్మీవారు నడిపారు. హాజరు పలకాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. 1952లో చట్టం పోయింది. ఊరి పేరుకంటిన మచ్చ పోలేదు. చదువుకున్న పిల్లలు సైతం ఊరి పేరు చెప్పడానికి జంకవలసి వచ్చింది. జాషువాగారమ్మాయి హేమలతా లవణం 1970లలో ఆ ఊళ్లో అడుగుపెట్టి, మచ్చ మాపడానికి ఏళ్ల తరబడి పాటుపడ్డారు.

ఇప్పటి జాబితా వేరు. అందులోకి ఎక్కేది కోర్టులో నేరం రుజువైనవాడే. ఉండవలసిందే. అయితే వాడి ఇంట్లోనూ ఓ ఇల్లాలు, బడికి వెళ్లే పిల్లలు ఉంటారు. జాబితా గోడకెక్కిననాడు వాళ్ల ముఖాన తలుపులు వేసేది ఎవరో కాదు, మనమే.