తోలుపనివాని పేరు

ఒర యనగానే మనకు కత్తి జ్ఞాపకము వచ్చును గాని ఒరను కుట్టిన చేయి జ్ఞాపకము రాదు. అమెరికాదేశపు పశ్చిమసీమలలో పందొమ్మిదవ శతాబ్దమున గుఱ్ఱములపై తిరుగుచు పశువుల మందలను తోలినవారు నడుమునకు కట్టుకొనిన పిస్తోలు ఒరలు నేడు అచ్చటి ప్రదర్శనశాలలలోను, సేకరణప్రియుల ఇండ్లలోను అద్దముల వెనుక భద్రముగా నున్నవి. వాని వెలను నిర్ణయించునది తోలుయొక్క మేలిమి యొక్కటే కాదు. దానిపై ముద్రగా కొట్టిన పేరు. షయెన్ పట్టణపు మీనియా, డెన్వరు నగరపు హైజర్, తరువాతి కాలమున ఎల్ పాసోలో అంగడి నడపిన మైర్స్, వీరందఱు జీనులు, ఒరలు కుట్టి బ్రదికినవారే. తుపాకి పొడవు చూచి, నడుము కొలిచి, కోరినవానికి కోరినట్లు కుట్టి, పిదప తమ పేరును ఊరిపేరును తోలుపై కొట్టెడివారు. ఆ తుపాకులు చేసిన పనులన్నియు పొగడదగినవి కావు. ఆ సీమ మూలవాసులు వానివలన పడిన యగచాట్లు వేఱొక కథ. అయినను కుట్టినవాడెవడో నేటికిని తెలియుచున్నది.

మన దేశమున కత్తులపై పేర్లు లేకపోలేదు. ఇస్ఫహాను కమ్మరియైన అసదుల్లా పేరు గల కత్తికి సంస్థానములలో ఎంత మన్నన యుండెననగా, ఆ పేరును దొంగముద్రగా వేసి అమ్మినవారును కలరు. ఆ కత్తికి ఒర కుట్టినవాని పేరును దొంగిలింపవలసిన యవసరము మాత్రము ఎవ్వరికిని కలుగలేదు.

కొలత తీసికొని, పనికి తగినట్లు తోలు కుట్టువాడు మన తెలుగుదేశమున లేడా? ప్రతి యూరను ఉండెను. హైదరాబాదునుండి మెదకునకు పోవు త్రోవలో, అడవి యంచున నున్న నర్సాపూరునే తీసికొందము. ఆ సీమలో చెఱువు క్రింద లేని పొలమునకు బావియే దిక్కు. బావికి మోట దిక్కు. పూర్వము మోటబొక్కెన యంతయు తోలే. తరువాత ఇనుపబొక్కెన వచ్చినను, నీటిని కాలువలోనికి విడుచు తొండము తోలుతోనే యుండెను. బావి లోతును బట్టి, ఎడ్ల సత్తువను బట్టి ఒక్కొక్క మోట యొక్కొక్క కొలత. కుట్టు వదలినచో నీరు దారిలోనే కాఱిపోవును, మడి యెండును. కావున మోట కుట్టు మాదిగపెద్ద చేతిలో ఊరి పంట యుండెననుట అతిశయోక్తి కాదు. ఆతడే కాడికి వార్లు కోసి యిచ్చును. కాలికి చెప్పులు, తోలుటకు చెర్నకోల, చాటింపునకు డప్పు ఇచ్చును. ఇన్ని పనులకు ఆతని పనిముట్లు రంపె, ఆరె, ఒక మొద్దు, ఒక గూటము.

తోలును సిద్ధపఱచుట కుట్టుటకంటె కష్టము. పచ్చితోలును సున్నపునీటిలో నానవేసి, వెండ్రుకలను గీకి, లోపలి కండను తీసి, సున్నము వదలునట్లు కడిగి, తంగేడుచెక్క నానిన లందలో దినముల తరబడి ఉంచవలెను. తోలునే సంచివలె కుట్టి, లోపల చెక్కయు నీరును నింపి వ్రేలాడదీయుటయు నొక పద్ధతి. ఊట పలుచనైనదా, చిక్కనైనదా, తోలు లోపలిదాక పండినదా యని ఆతడు చేతితో, ముక్కుతో తెలిసికొనెడివాడు. ఆ వాసనను చూపియే ఊరివారు ఆతనిని దూరముగా నుంచిరి.

తంగేడును గూర్చి ఒక మాట చెప్పక ముందునకు పోజాలము. బతుకమ్మను పేర్చునప్పుడు మన యిండ్ల ఆడపడుచులు తంగేడుపువ్వునకు మొదటి వరుసలో చోటిత్తురు. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిమ్మట అదే రాష్ట్రపుష్పమైనది. ఆ చెట్టు పువ్వు దేవతయైనది. ఆ చెట్టు బెరడుతో బ్రదికినవాడు అంటరానివాడైనాడు.

మఱియొక సంగతి ఇంతకంటె కటువుగా నుండును. ఆతడు చేతులార కుట్టిన తోలుతొండములోనుండి వచ్చిన నీటితో పండిన వడ్లను ఊరందఱును తినిరి; ఎవరికిని మైల తగులలేదు. ఆ తొండము కుట్టినవాడు త్రాగునీటి బావిలో చేద వేసినచో మాత్రము బావి చెడిపోయెను! తోలు ఎద్దు వెనుక నడచినప్పుడు పవిత్రము, మనిషి వెనుక నడచినప్పుడు అపవిత్రము అను ఈ ధర్మసూక్ష్మమును ఏ శాస్త్రము వివరింపగలదో మాకు తెలియదు.

ప్రతిఫలమును గూర్చి చూతము. కళ్ళములో కొలిచి యిచ్చు మేర ధాన్యము, చచ్చిన పశువుపై హక్కు, ఇవి ఆతనికి వచ్చినవి. హక్కనబడిన దానిలోనే బరువును దాగియుండెను; కళేబరమును మోసికొని పోవుట ఆతడు కాదనరాని పని. నిజాం రాజ్యమున దొరలకు, పటేళ్ళకు, గ్రామమునకు వచ్చిన అధికారులకు చెప్పులును, మోటతోలును, వార్లును వెల లేకుండ నిచ్చుట వెట్టిలో నొక భాగమై కూర్చుండెను. 1921లో హైదరాబాదున పుట్టిన ఆంధ్ర జనసంఘము, మాడపాటి హనుమంతరావుగారి పూనికతో, ఈ వెట్టిని ఎదిరించిన తొలి సంస్థలలో నొకటి. ఆ యుద్యమమే పెరిగి 1930లో అదే మెదకు జిల్లాలోని జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను మొదటి ఆంధ్రమహాసభగా సమావేశమైనది.

ఆ ప్రతాపరెడ్డిగారి యొక పని ఇచ్చట తలపునకు వచ్చుచున్నది. నిజాం రాష్ట్రమున తెలుగు కవులు లేరని ఎవరో వ్రాయగా, వారు వాదమునకు దిగక పేర్లు పోగుచేసిరి. 1934లో వెలువడిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులు నిలిచిరి. ఇంతకంటె మంచి ప్రత్యుత్తరము తెలుగుదేశమున మఱియొకరు ఇచ్చియుండరు. 1949లో వచ్చిన వారి ఆంధ్రుల సాంఘిక చరిత్రము రాజుల వరుసను విడిచి జనుల తిండిని, బట్టను, ఆటను, పనిని చరిత్రలోనికి తెచ్చినది. పనులు వచ్చినవి, పనివారి పేర్లు రాలేదు. అది ఆయన లోపమని మేము అనజాలము. లేని కాగితమునుండి ఏ పండితుడు పేరు తీయగలడు? వ్రాతలో ఎక్కినది కులము పేరే. నోటిలో నున్న పేరునకు చివర గాడు చేరెను. దొరబిడ్డ ఉయ్యాలలో నుండగనే గారు అనిపించుకొనగా, నెరసిన తలతో మోట కుట్టు తాత గాడుగానే చనిపోయెను. ఈ రెంటికిని తెలుగులో నున్న భేదము ఒక్క యక్షరమే.

ఇక తోలు ఊరు దాటి పోయిన కథ. తంగేడుచెక్కతో పదునుచేసిన దక్షిణదేశపు తోళ్ళు మద్రాసు రేవునుండి ఇంగ్లండునకు ఎగుమతియై, 1914-18 యుద్ధమున ఆంగ్లసైనికుల బూట్ల పైభాగములైనవి. 1903 మొదలు చాటర్టన్ దొర మద్రాసులో క్రోము పద్ధతిని పరీక్షించుటకు ముఖ్యకారణములలో నొకటి, నీటిలో త్వరగా చివుకని మోటతోలు కావలెననుటయే. 1948లో మద్రాసున కేంద్ర తోలు పరిశోధనాలయము ఏర్పడినది. తెనాలి దగ్గరి యలవర్రులో 1922లో వ్యవసాయదారుల యింట పుట్టిన యలవర్తి నాయుడమ్మగారు 1958లో దానికి అధిపతియై, తోలుశాస్త్రమున లోకప్రసిద్ధి పొంది, 1985లో కనిష్క విమానప్రమాదమున గతించిరి. పై కులమున పుట్టి తోలు ముట్టుట ఆ దినములలో చిన్న సాహసము కాదు. ఆయన కీర్తి న్యాయమైనది. గాంధీగారు దక్షిణాఫ్రికాలో తాము కుట్టిన చెప్పులను స్మట్సు సేనానికి కానుకగా నిచ్చి 1914లో వచ్చివేయగా, ఆతడు వానిని 1939లో గౌరవముతో తిరిగి పంపిన కథయు లోకమునకు తెలిసినదే. అయితే ఈ రెండు కథలలోను తోలును పట్టిన చేయి వచ్చిన చోటు వేఱు. విడువదలచినచో విడువగలవాడు పట్టినప్పుడు తోలుపని త్యాగమైనది. విడువ వీలులేనివాడు పట్టినప్పుడు అది పుట్టుకయైనది.

అందుచేత, మాదిగబిడ్డలు లందను విడిచి బడికి పోవుచున్నారు, ప్రాచీనకళ నశించుచున్నది అని విలపించువారితో మేము ఏకీభవింపము. విద్యుత్తు పంపులు వచ్చి మోటను మూలకు నెట్టినవి. కార్ఖానా చెప్పులు వచ్చినవి. చచ్చిన పశువును మోయుటకు నిరాకరించుటయే ఎన్నో పల్లెలలో ఆత్మగౌరవమునకు తొలిమెట్టైనది. నైపుణ్యము పోయినదను విచారము మాకును కలదు; దానికై ఆ బిడ్డనే మఱల లందలో దింపుమనుట మాత్రము న్యాయము కాదు.

పోయిన పేరు మఱొక త్రోవను తిరిగి వచ్చినది. 1994 జూలైలో ప్రకాశము జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా పుట్టినప్పుడు, దాని నాయకులు తిట్టుగా వినబడిన కులనామమును తమ పేర్ల చివర బిరుదువలె ధరించిరి. మంద కృష్ణ మాదిగ అను పేరు అట్టిది. 2025లో పద్మశ్రీ ప్రకటనలో ఆ పేరు అట్లే వచ్చినది. పూర్వము పేరు చెఱిపి కులమును మిగిల్చిరి. వీరు కులమునే పేరులో చేర్చి రెంటిని నిలిపిరి. ఉద్యమపు పేరైన దండోరాయు తోలుడప్పు చాటింపే.

మోట తోలిన వృద్ధులు నర్సాపూరు సీమలో ఇంకను అక్కడక్కడ కలరు. మోటపాట పాడుమని వారిని అడుగువారు కలరు గాని, మోట యెవరు కుట్టిరని అడుగువారు తక్కువ. చదువరులలో ఆ ప్రాంతపువారున్నచో ఈ మూడు ప్రశ్నలు అడిగి వ్రాసి యుంచవలెనని కోరుచున్నాము: మీ బావికి తొండము కుట్టినవారి పేరేమి? వారి తండ్రి పేరేమి? ఆ లంద ఊరికి ఏ దిక్కున నుండెను? వ్రాయునప్పుడు పేరు చివర గారు అని చేర్చుడు.